‘చిన్న ఆపరేషనేనమ్మా!’

“చిన్న ఆపరేషనేనమ్మా, భయపడకు.” పిల్లల న్యూరోసర్జరీ వార్డులో స్టాఫ్ నర్సుగా ఉన్న ఏళ్లలో ఈ మాట నేను ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. తలలో నీరు చేరిన బిడ్డను ఒళ్లో వేసుకుని, ఎక్కడ చెయ్యి వేస్తే ఏమవుతుందో అని బిగుసుకుపోయి కూర్చున్న తల్లిని చూస్తే ముందు నోటికొచ్చేది అదే. రౌండ్స్‌కు వచ్చే పెద్ద డాక్టరుదీ అదే మాట, సంతకం కోసం కాగితం పట్టుకొచ్చే హౌస్‌సర్జన్‌దీ అదే మాట. థియేటరు లెక్కలో అది అబద్ధమూ కాదు. మెదడులో గడ్డ తీయడానికి పొద్దున మొదలుపెడితే సాయంత్రమయ్యే చోట, షంట్ వేయడం గంటా గంటన్నరలో తేలిపోయే పని.

నా తగాదా ఆ మాటకున్న తోకతో. ‘చిన్నదే కదా, వాళ్లకు విడమరచి చెప్పడానికేముంది’ అన్నది ఆ తోక. పైకి ఎవరూ అనరు గానీ వార్డు నడిచే తీరంతా దాన్నిబట్టే ఉంటుంది. డిశ్చార్జి నాడు తండ్రి చేతిలో ఇంగ్లీషు కాగితమూ మందుల చీటీ పెట్టి, ‘నెల తర్వాత ఓపీకి రండి’ అనేస్తే మన పని అయిపోయిందనుకుంటాం. ఇలా అనుకునేవాళ్లు చెడ్డవాళ్లు కారు. నాకు పని నేర్పిన సిస్టర్లు అలాగే అనుకున్నారు. రాత్రి రెండింటికి పిలిస్తే చొక్కా గుండీలు పెట్టుకుంటూ పరుగెత్తుకొచ్చిన డాక్టర్లూ అలాగే అనుకున్నారు. చెడ్డవాళ్ల పొరపాటైతే ఎవరో ఒకరు ఎప్పుడో పట్టుకుని ఉండేవాళ్లు. మంచివాళ్ల పొరపాటు కాబట్టే ఇన్నాళ్లు సాగింది.

అసలు ఆ ఆపరేషన్‌లో చేసేదేమిటో చూద్దాం. మెదడు లోపలి గదుల్లో నీరు నిత్యం ఊరుతూ ఉంటుంది. పెద్దవాళ్లలో రోజుకు దాదాపు అర లీటరు ఊరుతుంది, ఏ క్షణాన చూసినా లోపల ఉండేది మాత్రం 150 మిల్లీలీటర్లే. అంటే రోజుకు మూడు సార్లు పాతది పోయి కొత్తది రావాలి. పోయే దారి పూడుకుపోయినా ఊరడం ఆగదు. పసిబిడ్డ పుర్రె ఎముకలు ఇంకా అతుక్కోవు గనుక తల పెరుగుతుంది, మెదడు నలుగుతుంది. ఆ నీటికి వేరే దారి చూపించడమే షంట్. సన్నటి పైపు ఒక కొస మెదడు గదిలో ఉంటుంది, మధ్యలో వాల్వ్, అక్కడినుంచి చెవి వెనకగా మెడ, ఛాతీ మీదుగా చర్మం కిందే దిగి రెండో కొస పొట్టలో తేలుతుంది.

అపెండిక్స్ తీసేస్తే తీసేసినట్టే, కుట్లు మానితే కథ కంచికి. షంట్ కథ కుట్లు మానాక మొదలవుతుంది. ఎక్కువమంది పిల్లలకు అది జీవితాంతం ఉండాల్సిన వస్తువు, ఎప్పుడు మొరాయిస్తుందో తెలియని వస్తువు. 1998లో వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో 344 మంది పిల్లలకు మూడు రకాల వాల్వులు వేసి చూశారు. రకం మారినా ఫలితం మారలేదు. ఏడాది తిరిగేసరికి దాదాపు 40 శాతం షంట్లు పాడయ్యాయి, రెండేళ్లకు సగానికి పైగా. ఇవి అన్ని సౌకర్యాలూ ఉన్న దేశాల ఆసుపత్రుల అంకెలు. పైపు మూసుకుపోవచ్చు, విరగవచ్చు, సూక్ష్మజీవులు పట్టవచ్చు. ఇన్ఫెక్షన్లలో చాలావరకు మొదటి ఆరు నెలల్లోనే కనబడతాయి. ఆ ఆరు నెలలూ బిడ్డ ఉండేది మన వార్డులో కాదు.

బిడ్డ ఉండేది ఇంట్లో. పాడైన సంగతి మొదట తెలియాల్సింది ఇంట్లోవాళ్లకే. ఎలా తెలుస్తుంది? మాడు ఉబ్బి బిగుసుకుంటుంది. బిడ్డ పాలు కక్కుతుంది, పొద్దున లేస్తూనే వాంతి చేసుకుంటుంది. కంటిపాపలు కిందికి వాలి పైన తెల్లగుడ్డు కనబడుతుంది. లేపినా లేవనంత మత్తు, లేకపోతే ఎత్తుకున్నా ఊరుకోని ఏడుపు. పైపు దారి వెంట ఎరుపు, వాపు, జ్వరం. వీటిలో ఏ ఒక్కటీ ‘నేను షంట్ గుర్తును’ అని బోర్డు కట్టుకుని రాదు. వాంతులైతే ‘పాలు పడలేదు’. జ్వరమొస్తే ‘పళ్లొస్తున్నాయి’. మత్తుగా పడుకుంటే ‘పాపం, ఇవాళైనా నిద్రపోయింది’. ఏడుపు ఆగకపోతే మిరపకాయలు, ఉప్పుతో దిష్టి. తర్వాత ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర వాంతుల ఇంజెక్షన్. అదీ తగ్గకపోతే పట్టణంలో పిల్లల డాక్టరు దగ్గర సెలైన్. మా దగ్గరికి చేరేసరికి మూడు రోజులు, నాలుగు రోజులు. అప్పుడు మేం కేస్‌షీట్‌లో ‘ఆలస్యంగా తీసుకొచ్చారు’ అని రాసేవాళ్లం. నేనే రాశాను ఆ ముక్క, ఎన్నోసార్లు. ఏం చూడాలో మేం చెప్పామా అన్న గడి కేస్‌షీట్‌లో లేదు.

ఇది అంటే వెంటనే వచ్చే మొదటి జవాబు: “ఇవన్నీ చెబితే తల్లి హడలిపోతుంది, బిడ్డకు పాలు కూడా ఇవ్వలేదు.” వినడానికి దయగా ఉంటుంది. ఈ దయకు పాత చరిత్ర ఉంది. ఇంగ్లండులో ఒకప్పుడు ఆసుపత్రిలో చేరిన పిల్లల్ని చూడటానికి తల్లుల్ని సరిగ్గా రానిచ్చేవారు కాదు. వచ్చి వెళ్తే పిల్లలు ఏడుస్తారు, రాకపోతే ‘కుదురుకుంటారు’ అన్నది అప్పటి డాక్టర్లూ నర్సుల నమ్మకం. 1952లో జేమ్స్ రాబర్ట్‌సన్ ఒక చిన్న సినిమా తీశాడు. రెండేళ్ల పాప, బొడ్డు దగ్గర హెర్నియా ఆపరేషన్, ఎనిమిది రోజులు ఆసుపత్రిలో. చిన్న ఆపరేషనే, గమనించండి. ఆ పాప ‘కుదురుకోవడం’ అంటే ఏమిటో తెర మీద అందరూ చూశారు. కుదురుకోలేదు, ఆశ వదులుకుంది. చూసిన వైద్యులు మొదట పిల్ల మీద జాలిపడలేదు, తీసినవాడి మీద మండిపడ్డారు. ఏడేళ్లకు, 1959లో, ప్లాట్ కమిటీ తల్లిదండ్రుల్ని ఎప్పుడంటే అప్పుడు రానివ్వాలని సిఫారసు చేసింది. ఆ కమిటీకి పెద్ద సర్ హ్యారీ ప్లాట్ ఎముకల సర్జను. అంటే సర్జన్లకు నచ్చజెప్పడం అసాధ్యమేమీ కాదు.

వాళ్లు పోరాడి తెచ్చుకున్నది మనకు పేదరికం ఊరికే ఇచ్చింది. మన ప్రభుత్వాసుపత్రుల్లో తల్లి లేని పిల్లల మంచం నేను చూడలేదు. మంచం కింద చాపేసుకుని పడుకునేది ఆమే, మూత్రం గుడ్డలు ఉతికేది ఆమే, సెలైన్ అయిపోతే సిస్టర్‌ను పిలిచేదీ ఆమే. ఇరవై నాలుగ్గంటలూ పక్కనే ఉన్న మనిషికి ఏమీ చెప్పకుండా పంపించే ఘనత మాత్రం మనది.

చెబితే భయం పెరుగుతుందా? 2007లో అమెరికాలో జీవ్ కైన్ బృందం 408 మంది పిల్లల మీద జరిపిన అధ్యయనం ఉంది. ఆపరేషన్‌కు ముందే కుటుంబాన్ని సిద్ధం చేశారు, మత్తు ఇచ్చే మాస్కును ఇంటికిచ్చి పిల్లలతో ఆడించమన్నారు, తల్లిదండ్రులకు ఏం మాట్లాడాలో ఏం మాట్లాడకూడదో నేర్పారు. ఆ కుటుంబాల్లో పిల్లలకూ పెద్దలకూ బెరుకు తగ్గింది. మత్తు వదిలాక వెర్రిగా కొట్టుకోవడం తగ్గింది, నొప్పి మందు తక్కువ పట్టింది, ఇంటికి తొందరగా వెళ్లారు. పరిశోధన దాకా ఎందుకు, వార్డులో ఒక రాత్రి కూర్చుంటే తెలుస్తుంది. తల్లుల్ని హడలగొట్టేది మనం చెప్పింది కాదు, పక్క మంచం ఆమె చెప్పింది. ‘మొన్న ఈ మంచం మీదే ఒక పిల్లోడు’ అని మొదలయ్యే కథ. మనం నోరు మూసుకుంటే ఆ ఖాళీ ఖాళీగా ఉండదు.

ఆపరేషన్ ముందు రోజు సంగతి ఒకటి చెప్పి ముందుకెళ్తాను. ‘రాత్రి పన్నెండు తర్వాత ఏమీ పెట్టొద్దు’ అన్నది మా అందరి నోట్లో తిరిగే మంత్రం. తల్లిపాలు మత్తుకు నాలుగు గంటల ముందు దాకా, నీళ్లు రెండు గంటల ముందు దాకా ఇవ్వొచ్చని, గట్టి ఆహారానికే ఆరు గంటలని మత్తు డాక్టర్ల నియమాలే చెబుతున్నాయి. అయినా పన్నెండే మంత్రం, ఎందుకంటే గుర్తుపెట్టుకోవడం మనకు తేలిక. ఉదయం ఎనిమిదికి వెళ్లాల్సిన కేసు మధ్యాహ్నం రెండుకు జరుగుతుంది. అప్పటిదాకా పాలు గడ్డకట్టిన రొమ్ములతో తల్లి, గొంతు ఎండి ఏడ్చి ఏడ్చి నిద్రలోకి జారే బిడ్డ. కొందరు తల్లులు ఓర్చుకోలేక బాత్రూములోకి తీసుకెళ్లి చాటుగా పట్టేస్తారు, అడిగితే లేదంటారు. ఎందుకు పట్టకూడదో, ఎప్పటిదాకా పట్టొచ్చో గడియారం చూపించి చెప్పి ఉంటే ఆ దొంగతనం అక్కర్లేదు. మత్తులో ఆ పాలు ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదమూ ఉండదు.

రెండో జవాబు ఇంకా బలంగా వస్తుంది: “చదువులేనివాళ్లమ్మా, వాల్వ్ అంటే ఏం తెలుస్తుంది?”

ఆ వాల్వ్ పుట్టిన కథే దీనికి సమాధానం. 1955లో ఫిలడెల్ఫియాలో జాన్ హాల్టర్ అనే పనివాడికి వెన్నులో లోపంతో, తలలో నీటితో కొడుకు పుట్టాడు. అతను డాక్టరు కాదు, తాళాల కంపెనీలో పనిచేసే మనిషి. సర్జన్ యూజీన్ స్పిట్జ్ సమస్య ఎక్కడుందో చెప్పాడు: నీరు ఒకవైపే పోవాలి, వెనక్కి రాకూడదు, శరీరం ఒప్పుకోవాలి. హాల్టర్ తన షెడ్డులో కూర్చుని సిలికోన్‌తో వాల్వ్ చేశాడు. 1956 నుంచి అది పిల్లల తలల్లోకి వెళ్లింది. 1960లో న్యూయార్క్‌లో రచయిత రోల్డ్ డాల్ నాలుగు నెలల కొడుకు తోపుడు బండిని టాక్సీ గుద్దింది. పిల్లవాడికి వేసిన షంట్ మాటిమాటికీ మూసుకుపోయేది. డాల్, బొమ్మ విమానాల ఇంజన్లు చేయడం సరదాగా ఉన్న స్టాన్లీ వేడ్ అనే ఇంజనీరును పట్టుకున్నాడు, లండన్ గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ ఆసుపత్రి సర్జన్ కెన్నెత్ టిల్‌తో కలిపాడు. 1962కల్లా కొత్త వాల్వ్ వచ్చింది. అది సిద్ధమయ్యేసరికి డాల్ కొడుక్కి దాని అవసరం తీరిపోయింది. లాభం ముగ్గురూ వద్దనుకున్నారు, వాల్వ్ వేల మంది పిల్లలకు పనికొచ్చింది. తలలో నీరు పోయే పైపు చరిత్ర తీస్తే, డాక్టరు ఓపికగా విషయం చెప్పిన తండ్రులు రెండు చోట్ల కనబడతారు.

‘వాళ్లు ఒకరు పనిమంతుడు, ఒకరు పేరున్న రచయిత, మా వార్డు తల్లితో పోలికేమిటి’ అంటారా? సరే, మా వార్డు తల్లి దగ్గరికే వద్దాం. బిడ్డ పుట్టిన నాటి నుంచి ఆమె రోజూ మాడుకు ఆముదం పెడుతుంది. ఆ మెత్తటి చోటు ఎలా కొట్టుకుంటుందో, ఏడ్చినప్పుడు ఎంత లేస్తుందో, నీళ్లు తక్కువైతే ఎంత లోతుకుపోతుందో ఆమె వేలికి తెలుసు. హౌస్‌సర్జన్ పుస్తకంలో చదివి రెండు నిమిషాలు తడిమి రాసే గుర్తు అది. ఆమెకు మనం చెప్పాల్సింది ఒక్కటే: కూర్చోబెట్టి, ఏడవనప్పుడు చూడు, అప్పుడూ ఉబ్బి గట్టిగా ఉంటే మా దగ్గరికి రా అని. చదువు అక్కడ అడ్డమెక్కడొచ్చింది?

ఇంకా చెప్పాలంటే, చెప్పవలసిందంతా ఆమె ఇంటి అలవాట్లలోనే ఉంది. మన పెద్దవాళ్లు బిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టి నీళ్లు పోస్తూ, తల గుండ్రంగా రావాలని నాలుగువైపులా ఒత్తుతారు. చెవి వెనక వాల్వ్ ఉన్న తలను అలా ఒత్తొచ్చా? కుట్లు మానకముందే నూనె పెట్టొచ్చా? మొలతాడు సరిగ్గా పొట్ట మీది కుట్టు మీదుగా పోతే ఏం చేయాలి? పుట్టువెంట్రుకలు తిరుపతిలో ఇస్తామని మొక్కుకున్నారు. పైపు చర్మం కింద తాడులా కనబడే చోట కత్తి పడితే? టీకాలు ఆపేయాలా? నాయనమ్మ ఆపేయమంటుంది, ఆపకూడదు. బిడ్డకు రోజుల తరబడి విరేచనం కాకపోతే? పొట్ట బిగిస్తే పైపు కింది కొస నుంచి నీరు పోవడం కష్టమవుతుంది, దాన్ని పట్టించుకోవాలి. సెల్‌ఫోను దగ్గరికి తేవద్దని ఎవరో అన్నారట, నిజమా? అయస్కాంతంతో మార్చే వాల్వ్ అయితే జాగ్రత్త కావాలి, మామూలు వాల్వ్‌కు ఆ బెంగ అక్కర్లేదు. మీ డిశ్చార్జి సమ్మరీ తీసి చూడండి. వీటిలో ఒక్కదానికి జవాబుంటే నాకు చూపించండి. అందులో ఉండేది వాల్వ్ పేరు, ఒత్తిడి రకం, మందుల పేర్లు. తల్లి అడిగే ప్రశ్నలు నర్సు చెవిన తప్ప ఎవరి చెవినా పడవు. ఈ పని నర్సుదే అనడానికి నా కారణం అదే. ప్రశ్న ఎవరికి వినబడుతుందో జవాబు వాళ్ల చేతిలో ఉండాలి.

‘కాగితం ఇచ్చాంగా’, ‘నోటితో చెప్పాంగా’ అనే వాదన ఒకటుంది. డాక్టర్లు చెప్పినదాంట్లో 40 నుంచి 80 శాతం దాకా రోగులు అక్కడికక్కడే మరచిపోతారని పరిశోధకులు ఎప్పుడో తేల్చారు. చదువుకున్నవాళ్లతో సహా. చెప్పడం అంటే చెప్పించుకోవడం కూడా. ‘అర్థమైందా?’ అంటే ప్రతి తల్లీ తలూపుతుంది, అది మర్యాద. ‘ఇంటికెళ్లాక మీ అత్తగారికి ఎలా చెబుతావో నాకు చెప్పు’ అంటే అసలు సంగతి బయటపడుతుంది. ఒకామెను అలా అడిగితే ‘తలలో నీళ్లు పొట్టలోకి పోతాయి కాబట్టి నీళ్లు తక్కువ తాగించాలి’ అంది. మూడు రోజులు మా మాటలకు తలూపిన మనిషి. అడగకపోతే ఆ బిడ్డకు మే నెల ఎండల్లో దాహమే.

ఇక తీరిక. ఈ వాదనను నేను వెక్కిరించను. బోధనాసుపత్రిలో ముగ్గురు రోగులకు ఒక నర్సు అన్నది భారత నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. నైట్ డ్యూటీలో నలభై మంచాలకు ఒక్కదాన్నే ఉన్న రోజులు నాకున్నాయి. ఆ రాత్రుల్లో ఎవరైనా వచ్చి తల్లిదండ్రులకు పాఠం చెప్పమంటే చేతిలో ట్రే వాళ్ల మీద పడేసేదాన్ని. కాని పాఠానికి వేరే గంట ఎవరడిగారు? డ్రెస్సింగ్ మారుస్తున్నప్పుడు తల్లిని పక్కకు పొమ్మంటాం. పొమ్మనకుండా నిలబెట్టి, ‘ఇదిగో, ఈ రంగు మంచిది, ఈ తడి మంచిది కాదు’ అంటే అదే పాఠం. ఆపరేషన్ అయిన వైపు పడుకోబెట్టకుండా బిడ్డను తిప్పేటప్పుడు ఆమె చేత్తోనే తిప్పిస్తే, అదీ పాఠమే. తల కొలిచేటప్పుడు టేపు ఆమె చేతికిస్తే చాలు. పుట్టిన బిడ్డ తల చుట్టుకొలత 35 సెంటీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది, ఏడాదికి 46 దాకా వస్తుంది. మొదటి మూడు నెలలు నెలకు రెండు సెంటీమీటర్లు, తర్వాత నెమ్మది. జాకెట్టు కొలతలు ఇచ్చిన ఏ ఆడమనిషికైనా టేపు పట్టుకోవడం వచ్చు. ఇవేవీ అదనపు పనులు కావు, చేసే పనినే గోప్యంగా చేయకపోవడం.

ఇది కుదరని పనీ కాదు. బెంగళూరు నారాయణ హృదయాలయలో గుండె ఆపరేషన్ అయిన రోగుల ఇంటివాళ్లకు నర్సులే శిక్షణ ఇచ్చే కార్యక్రమాన్ని నూరా హెల్త్ అనే సంస్థ పదేళ్ల కిందటే మొదలుపెట్టింది. తర్వాత అది ప్రభుత్వాసుపత్రులకూ పాకింది. గుండెకు వీలైనది తలకు ఎందుకు వీలుకాదు? ఆరోగ్యశ్రీ వచ్చి, 2007 తర్వాత, పేదవాడి బిడ్డకు షంట్ పడటం మొదలైంది. అది చిన్న మేలు కాదు, అంతకుముందు డబ్బుల్లేక తిరిగి వెళ్లిపోయిన తల్లుల్ని చూసినదాన్ని. పైపుకు, థియేటరుకు, మంచానికి లెక్క కట్టారు. తల్లికి నేర్పే అరగంటకు ఎవరూ లెక్క కట్టలేదు, లెక్కలో లేని పని ఎవరి పనీ కాదు.

ప్రైవేటులో ఇదే సమస్యకు వేరే జవాబు అమ్ముతారు: ఖరీదైన వాల్వ్ వేయించుకోండి, నిశ్చింతగా ఉండండి. మన ఉత్తరప్రదేశ్‌లోని షాజహాన్‌పూర్‌లో తయారయ్యే ఛాబ్రా షంట్‌ను, దానికన్నా ఎన్నో రెట్లు ఖరీదైన విదేశీ షంట్‌తో బెంజమిన్ వార్ఫ్ అనే సర్జన్ ఉగాండాలో 195 మంది పిల్లల్లో పోల్చి చూశాడు. 2005లో ఫలితాలు వచ్చాయి. ఏడాది చివర రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. కొందరు పిల్లలకు ఖరీదైన వాల్వ్ నిజంగానే కావాలి, అది సర్జను తేల్చాల్సిన విషయం. కాని నిశ్చింతను పెట్టెలో పెట్టి అమ్మడం మోసం. ఏ వాల్వ్ వేసినా కాపలా కాయాల్సిన మనిషి ఒకరే.

రిటైరయ్యే ముందు రెండేళ్లు నేను ‘చిన్న ఆపరేషనేనమ్మా’ అనడం మానేశాను. ‘ఆపరేషన్ చిన్నదే, పని నీకు చాలా ఉంది, రా చెబుతాను’ అనేదాన్ని. ఒక చేపలవాళ్ల పిల్ల, ఇరవై ఏళ్లు కూడా లేవు, అన్నీ వేళ్ల మీద లెక్కపెడుతూ తిరిగి చెప్పింది: మాడు, వాంతి, కళ్లు, మత్తు, పైపు దారి, జ్వరం. చిటికెన వేలు ఖాళీ లేకుండా చెప్పింది. అన్నీ అయ్యాక అడిగింది: “రాత్రిపూట అయితే ఎవరికి ఫోన్ చేయాలి, సిస్టరమ్మా?”

వార్డు ఫోను హెడ్‌నర్సు గదిలో ఉండేది. రాత్రి ఎనిమిదికి ఆ గదికి తాళం. సమ్మరీ వెనకవైపు నా సొంత నంబరు రాసిచ్చాను. మూడు నెలల తర్వాత ఒక అర్ధరాత్రి నా ఫోను మోగింది. “కూర్చోబెట్టి చూశాను, ఏడవట్లేదు, అయినా ఉబ్బే ఉంది” అంది. 108కి అప్పటికే చేసేసిందట, నాకు చేసింది డ్యూటీలో ఎవరున్నారో కనుక్కోవడానికి.